పెద్ద బండి ఎంతవరకు కాపాడుతుంది?

కారు కొనాలన్న ముచ్చట మొదలైతే వరంగల్, హనుమకొండ ఇళ్లల్లో ధర తర్వాత వచ్చే మాట దాదాపు ఒక్కటే. "చిన్న బండి వద్దు, హైవే మీద తేలిపోతది. కొంటే గట్టి బండే కొనాలె." ఈ భయం ఉత్తది కాదు. హైదరాబాద్ నుంచి భువనగిరి, జనగామ మీదుగా వరంగల్ వచ్చి, ములుగు, ఏటూరునాగారం దాటి ఛత్తీస్‌గఢ్‌లోని భూపాలపట్నం దాకా పోయే 163వ నంబరు జాతీయ రహదారి మీద కారు ఒంటరిగా పోదు. కరీంనగర్ రోడ్డెక్కితే గ్రానైట్ బండలు మోసే లారీలు, భూపాలపల్లి, గోదావరిఖని వైపు బొగ్గు టిప్పర్లు, గోదావరి ఒడ్డు నుంచి ఇసుక లారీలు, పత్తి సీజన్ వచ్చిందంటే ఎనుమాముల మార్కెట్‌కు వరుస కట్టే డీసీఎంలు, ట్రాక్టర్లు. వీటి నడుమ ఏడెనిమిది వందల కిలోల హ్యాచ్‌బ్యాక్‌లో పిల్లల్ని కూర్చోబెట్టుకుని పోయేవాళ్లకు టెన్షన్ ఉండదంటే అబద్ధమే.

అయితే పెద్ద బండి అనగానే బరువు, ఎత్తు, బాడీ బలం మూడింటినీ ఒక్కటిగా చూడటం అలవాటైపోయింది. యాక్సిడెంట్‌లో ఈ మూడూ చేసే పనులు వేరు. ఒకటి కాపాడే చోట ఇంకొకటి ముంచుతుంది.

ముందు బరువు సంగతి. 800 కిలోల చిన్న కారు, 1,800 కిలోల ఎస్‌యూవీ, రెండూ గంటకు 60 కిలోమీటర్ల వేగంతో ఎదురెదురుగా వచ్చి గుద్దుకున్నాయనుకుందాం. గుద్దుకున్నాక రెండూ కలిసి ఎస్‌యూవీ పోతున్న దిక్కుకే సుమారు 23 కిలోమీటర్ల వేగంతో జరుగుతాయి. ఎస్‌యూవీ వేగం 60 నుంచి 23కి వచ్చింది, అంటే 37 తగ్గింది. చిన్న కారు మాత్రం ఆగడంతో సరిపోదు, వెనక్కి కూడా పోవాలి. ఉన్న 60 పోయి, ఎదురు దిక్కులో ఇంకో 23. మొత్తం మార్పు 83. లోపలున్న మనిషికి ఎంత దెబ్బ తగులుతుందన్నది ప్రధానంగా ఈ మార్పు మీద, అది ఎంతసేపట్లో జరిగిందన్న దాని మీద ఆధారపడుతుంది. ఇక్కడ ఆ వ్యవధి సెకనులో పదో వంతుకు కాస్త అటూఇటు. కాబట్టి కారూ కారూ ఎదురెదురుగా గుద్దుకున్నప్పుడు బరువైన బండిలో ఉన్నవాళ్లకే మేలు. దీన్ని కాదనడానికి ఏమీ లేదు.

అమెరికాలో బీమా కంపెనీల డబ్బుతో నడిచే ఐఐహెచ్ఎస్ అనే సంస్థ 2009లో దీన్ని చేసి చూపించింది. స్మార్ట్ ఫోర్‌టూ, హోండా ఫిట్, టయోటా యారిస్ అనే మూడు చిన్న కార్లను వాటి కంపెనీలవే మధ్యరకం కార్లతో ఎదురెదురుగా గుద్దించారు. ఒక్కో కారు వేగం గంటకు సుమారు 64 కిలోమీటర్లు. దిమ్మెకు గుద్దే పరీక్షలో ఈ మూడు చిన్న కార్లకూ అప్పటికే మంచి మార్కులు వచ్చి ఉన్నాయి. తమకంటే బరువైన కారు ఎదురొచ్చేసరికి మూడూ దెబ్బతిన్నాయి. అన్నిటికంటే చిన్నదైన స్మార్ట్ గాల్లోకి లేచి గిర్రున తిరిగింది.

మన షోరూముల్లో స్టార్ రేటింగ్ చూపించి అమ్మేటప్పుడు ఈ ముక్క ఎవరూ చెప్పరు. 2023 అక్టోబర్ 1 నుంచి అమల్లో ఉన్న, కార్లకు భద్రతా స్టార్లు ఇచ్చే మన దేశపు పరీక్ష భారత్ ఎన్‌క్యాప్‌లో కారును 64 కిలోమీటర్ల వేగంతో, నలిగే గుణమున్న ఒక దిమ్మెకు గుద్దిస్తారు. ఆ దిమ్మెను ఏ కారైనా తన సొంత బరువుతోనే గుద్దుతుంది. అందుకే ఒక చిన్న కారుకు వచ్చిన 5 స్టార్లను ఇంచుమించు అదే బరువున్న ఇంకో కారుతో పోల్చాలి తప్ప, రెండు టన్నుల ఎస్‌యూవీ 5 స్టార్లతో కాదు.

ఇంతవరకు వింటే పెద్ద బండే కొనాలనిపిస్తుంది. కానీ ఉత్తర తెలంగాణ రోడ్ల మీద అందరికీ భయం ఎస్‌యూవీ ఎదురొస్తుందని కాదు, లారీ ఎదురొస్తుందని. పది టైర్ల లారీ సరుకుతో కలిపి 28 టన్నుల దాకా తూగుతుంది. పై లెక్కనే లారీకి వేసి చూస్తే విషయం బోధపడుతుంది. లారీ 60, కారు 60. గుద్దుకుంటే 800 కిలోల కారు వేగంలో వచ్చే మార్పు సుమారు 117 కిలోమీటర్లు. రెండు టన్నుల ఎస్‌యూవీలో వచ్చేది 112. లక్షలు ఎక్కువ పెట్టి తెచ్చుకున్న బరువు ఇక్కడ ఇచ్చింది ఐదు కిలోమీటర్ల తేడా. బానెట్ పొడుగ్గా ఉంటే ఇంకొంచెం లాభం ఉంటుందనుకున్నా, 112 కిలోమీటర్ల మార్పును తట్టుకునేలా ఏ కుటుంబపు కారునూ తయారు చేయరు. చెట్టును గుద్దినా, కల్వర్టు గోడను గుద్దినా అంతే. అక్కడ బరువుకు విలువే లేదు, ఎవరి 60 వాళ్లకే సున్నా అవుతుంది. పైగా బరువైన బండి తన బరువు తెచ్చిన శక్తినంతా తన రేకుల్లోనే ఇముడ్చుకోవాలి.

ఆగి ఉన్న లారీ వెనక

దేశంలో 2022లో జరిగిన ప్రమాదాలను ఢీకొన్న తీరును బట్టి చూస్తే వెనక నుంచి గుద్దినవే ఎక్కువ. ఇందులో మనవైపు బాగా తెలిసింది, రాత్రిపూట రోడ్డు పక్కన ఆపి ఉన్న లారీ కిందికి కారు దూరడం. కారు ముందు భాగంలో దెబ్బను మింగడానికి పెట్టిన ఉక్కు దూలాలు నేల నుంచి అరమీటరుకు అటూఇటుగా ఉంటాయి. లారీ ట్రాలీ అంచు ఇంకా పైన, ఇంచుమించు కారు బానెట్ ఎత్తులో లేదా అంతకంటే మీద ఉంటుంది. అందుకే దూలాలు దేనికీ తగలకుండానే బానెట్ కిందికి దూరిపోతుంది. ట్రాలీ అంచు నేరుగా అద్దం మీదికి, దాని పక్క స్తంభాల మీదికి వస్తుంది. ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునేలోపే పై భాగం లోపలికి వచ్చేస్తే 6 ఎయిర్‌బ్యాగులున్నా చేసేదేముంది?

దీన్ని ఆపడానికే లారీ వెనక కింద అడ్డంగా ఇనుప కడ్డీ ఉండాలని నియమం. టోల్‌గేట్ దగ్గర ముందు ఆగిన లారీల వెనక చూస్తే తెలుస్తుంది. వంగినవి, తుప్పు పట్టినవి, గట్టిగా గుద్దితే ఊడిపోయేలా వెల్డింగ్ పెట్టినవి ఎన్నో. ఎర్రటి రిఫ్లెక్టర్ టేపు బురద కిందో, వేలాడే తాడు కిందో ఉంటుంది. ఇక ట్రాక్టర్ ట్రాలీకి వెనక లైటు వెలిగితే అదే గొప్ప. ఇక్కడ ఎస్‌యూవీ ఎత్తు కొంత పనికొస్తుంది, నిజమే. కానీ లారీ వెనక ఆ ఇనుప కడ్డీ సరిగా ఉంటే అందులో చాలా భాగం చిన్న కారుకూ దక్కేది. కారు కొనేవాడి జేబు నుంచి కట్టిస్తున్నది నిజానికి లారీకి పెట్టాల్సిన రక్షణ ఖర్చు.

చీకట్లో ఆగడం గురించి ఇంకో అపోహ ఉంది. బరువైన బండి బ్రేకు వేస్తే రోడ్డును పట్టుకుంటుందని. టైరుకూ రోడ్డుకూ మధ్య పట్టు బరువుతో పాటు పెరిగే మాట నిజం. ఆపాల్సిన బరువూ అంతే పెరుగుతుంది కాబట్టి చివరికి లాభం సున్నా. మంచి టైర్లున్న ఏ కారైనా 80 కిలోమీటర్ల వేగంలో ఉన్నప్పుడు ఎదుట ఏదో కనిపించి, కాలు బ్రేకు మీదికి పోయేలోపే 33 మీటర్లు దాటేస్తుంది. బ్రేకు పడ్డాక ఆగడానికి ఇంకో 36. మొత్తం 70 మీటర్ల దాకా. అదే 100 మీదుంటే దాదాపు 100 మీటర్లు. డిప్‌లో పెట్టిన హెడ్‌లైట్ వెలుగు అంత దూరం సరిగా అందదు. వరికోతలప్పుడు సగం రోడ్డు మీద వడ్లు పోసి, పైన నల్ల టార్పాలిన్ కప్పి, చుట్టూ బండరాళ్లు పేర్చి ఉంటారు. రాత్రి ఆ కుప్పా, రోడ్డూ ఒకే రంగు. ఎత్తు సీటులో కూర్చున్నవాడికి దూరం బాగా కనిపిస్తుంది గానీ, నేల దూరమైనకొద్దీ పోతున్న వేగం తక్కువగా తోస్తుంది. పెద్ద బండ్ల డ్రైవర్లు తమకు తెలియకుండానే ఇంకో పది కిలోమీటర్లు పెంచేది అందుకే.

ఎత్తుకు కట్టాల్సిన మూల్యం

రాళ్లను తప్పించబోయి స్టీరింగ్ ఒక్కసారిగా కోస్తే, చిన్న కారు జారుతుంది. ఎత్తు బండి జారక బోల్తా కొట్టే వీలు ఎక్కువ. దీనికీ ఒక లెక్క ఉంది. ఎడమ కుడి చక్రాల మధ్య దూరంలో సగాన్ని, బండి బరువు కేంద్రం నేల నుంచి ఉన్న ఎత్తుతో భాగిస్తారు. అంకె ఎంత పెద్దదైతే అంత నిలకడ. అమెరికా రవాణా భద్రతా శాఖ కొలతల్లో మామూలు కార్లకు ఇది 1.3 నుంచి 1.5 మధ్య, ఎస్‌యూవీలకు 1.0 నుంచి 1.3 మధ్య వస్తుంది. బండి మీద క్యారియర్ బిగించి సామాను కడితే ఇది ఇంకా పడిపోతుంది. మేడారం జాతరకు పోయే తుఫాన్ బండ్లు, బొలేరోలు చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. బెల్లం బుట్టలు, వంటగిన్నెలు, పరుపులు పైన, లోపల పన్నెండు మంది.

ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్, అంటే ఈఎస్‌సీ, ఈ ముప్పును బాగా తగ్గించింది. బండి అదుపు తప్పబోతోందని గ్రహించి ఏ చక్రానికి అవసరమో దానికే బ్రేకు వేస్తుంది. అందుకే కొత్త ఎస్‌యూవీలు పాతవాటిలా తేలిగ్గా పల్టీ కొట్టవు. పాతవాటిలో మాత్రం ఈ సౌకర్యం చాలావరకు లేదు. సెకండ్ హ్యాండ్‌లో తక్కువ ధరకు దొరికే పెద్ద బండ్లలో ఎక్కువ ఆ పాతవే.

పెద్దదైతే చాలనే ధీమాను కొండగట్టు ఘాట్‌రోడ్డు ఎప్పుడో పటాపంచలు చేసింది. 2018 సెప్టెంబర్ 11న అక్కడ ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా చనిపోయారు. అందులో వందకు పైగా జనం ఉన్నారు. ఆ రోడ్డు మీద బస్సు కంటే పెద్ద బండి ఏముంటుంది?

పాత పెద్దదా, కొత్త చిన్నదా

వరంగల్‌లో చాలామంది మధ్యతరగతి వాళ్ల ముందుండే అసలు ఎంపిక చిన్న కారా, పెద్ద కారా అన్నది కానే కాదు. ఆరేడు లక్షలున్నాయి, ఆ డబ్బుకు కొత్త చిన్న కారు తీసుకోవాలా, పదేళ్ల పాత ఎస్‌యూవీ తీసుకోవాలా అన్నదే. "పాత బండి రేకు గట్టిది" అన్న సలహా ఉచితంగా దొరుకుతుంది.

రేకు సంగతి తేల్చడానికి అదే ఐఐహెచ్ఎస్ 2009లోనే ఇంకో పరీక్ష చేసింది. 1959 నాటి షెవర్లే బెల్ ఎయిర్‌ను 2009 నాటి షెవర్లే మాలిబుతో గుద్దించింది. రెండింటి బరువూ ఇంచుమించు సమానమే. మందపు ఉక్కుతో చేసిన పాత కారు క్యాబిన్ కుప్పకూలి, డ్రైవర్‌కు బదులు కూర్చోబెట్టిన బొమ్మ మీదికి స్టీరింగ్ వచ్చేసింది. కొత్త కారులో ముందు భాగం నుగ్గయినా మనిషి కూర్చునే చోటు చెక్కుచెదరలేదు. గడ్డివాము మీద దూకినా, బండ మీద దూకినా పడే ఎత్తు ఒకటే. తేడా అంతా ఆగడానికి దొరికే వ్యవధిలో ఉంది. ముందు భాగం నలగాలి, క్యాబిన్ నలగకూడదు. వేలితో నొక్కి చూసే డోర్ రేకుకు ఇందులో పాత్ర దాదాపు లేదు.

మన దేశపు బండ్లలోనూ ఇదే కథ. 2014లో కార్ల భద్రతను పరీక్షించే అంతర్జాతీయ సంస్థ గ్లోబల్ ఎన్‌క్యాప్ మొదటిసారి మన కార్లను పరీక్షిస్తే ఆల్టో 800, నానో, ఐ10, ఫిగో, పోలోల ఎయిర్‌బ్యాగ్ లేని రకాలన్నిటికీ సున్నా స్టార్లే. చిన్నవి కదా అనుకోవచ్చు. 2016లో క్విడ్, సెలెరియో, ఈకో, ఇయాన్‌లతో పాటు ఎయిర్‌బ్యాగ్ లేని స్కార్పియోను పరీక్షిస్తే దానికీ సున్నానే. మనవైపు గట్టితనానికి మారుపేరుగా చెప్పుకునే బండి అది. ఆరేళ్లకు 2022లో, కొత్తగా రూపొందించిన స్కార్పియో-ఎన్ 5 స్టార్లు తెచ్చుకుంది. మరోపక్క 2018 చివర్లో నెక్సాన్, 2021లో పంచ్ అప్పటి పద్ధతిలో పెద్దల భద్రతకు 5 స్టార్లు సాధించాయి. 2024లో మరింత కఠినమైన పద్ధతిలో డిజైర్ కూడా సాధించింది. ఇవన్నీ నాలుగు మీటర్ల లోపు బండ్లే. చిన్నవన్నీ మంచివని కాదు. 2020లో ఒక్క ఎయిర్‌బ్యాగ్ ఉన్న ఎస్-ప్రెస్సోకు సున్నా వచ్చింది. బండి సైజు కంటే ఎప్పుడు, ఎలా తయారైందన్నదే ఈ ఫలితాల్లో ఎక్కువ కనిపిస్తుంది.

అందుకే సెకండ్ హ్యాండ్ బండి చూసేటప్పుడు తారీఖులు ముఖ్యం. ముందు నుంచి, పక్క నుంచి గుద్దే పరీక్షలు 2017 అక్టోబర్‌లో కొత్త మోడళ్లకు, 2019 అక్టోబర్‌లో అప్పటికే అమ్ముడవుతున్నవాటికి తప్పనిసరి అయ్యాయి. అన్ని కొత్త కార్లలో, గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ 2019 ఏప్రిల్ నుంచి, డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ 2019 జులై నుంచి, పక్క సీటు ఎయిర్‌బ్యాగ్ 2022 జనవరి నుంచి తప్పనిసరిగా వస్తున్నాయి. 2014 నాటి పెద్ద బండిలో వీటిలో ఏ ఒక్కటీ లేకపోవచ్చు. ధర ఒకటే అయితే, 5 స్టార్లు వచ్చిన కొత్త చిన్న కారే మేలు.

ఇక్కడే ఇంకో చిక్కు. షోరూములో ఎస్‌యూవీ పేరుతో అమ్ముతున్నవి చాలావరకు ఎత్తు పెంచిన చిన్న కార్లే. నాలుగు మీటర్ల లోపు పొడవు, పెట్రోల్ ఇంజన్ అయితే 1,200 సీసీ లోపు, డీజిల్ అయితే 1,500 సీసీ లోపు ఉంటే పన్ను తక్కువ. 2025 సెప్టెంబర్ 22 నుంచి వీటి మీద జీఎస్టీ 18 శాతం, పెద్దవాటి మీద 40 శాతం. అందుకే కంపెనీలు ఆ గీత లోపలే బండిని ఇమిడ్చి, ఎత్తు పెంచి, చక్రాల మీద నల్ల ప్లాస్టిక్ అంచులు వేసి అమ్ముతాయి. అందులో కొన్ని టన్ను బరువు కూడా దాటవు. వాటిని కొన్నవాళ్లకు ఎదురెదురు ప్రమాదంలో పెద్ద బండి బరువు దక్కదు, మలుపులో మాత్రం ఎత్తు బండి ఇబ్బంది దక్కుతుంది.

సీట్ బెల్ట్ దగ్గర పెద్ద బండి, చిన్న బండి తేడా మొత్తం చెరిగిపోతుంది. 2022 సెప్టెంబర్‌లో మహారాష్ట్రలోని పాల్ఘర్ దగ్గర జరిగిన ప్రమాదంలో టాటా సన్స్ మాజీ చైర్మన్ సైరస్ మిస్త్రీ చనిపోయింది ఖరీదైన మెర్సిడెస్ ఎస్‌యూవీలోనే. వెనక సీట్లలో బెల్ట్ పెట్టుకోని ఇద్దరూ చనిపోయారు, ముందున్న ఇద్దరూ బతికారు. ఆ ఏడాది దేశంలో బెల్ట్ పెట్టుకోక చనిపోయినవాళ్లు 16,715 మంది, అందులో 8,331 మంది డ్రైవర్లు కాదు, ప్రయాణికులు. మనదగ్గర ఏడు సీట్ల బండి అంటే పది మంది ఎక్కొచ్చని అర్థం. పెళ్లికి పోయేటప్పుడు ఏడు బెల్టుల బండిలో పది మంది ఎక్కితే ముగ్గురికి బెల్ట్ లేనట్టే, మిగతావాళ్లు ఎలాగూ పెట్టుకోరు. పాత బొలేరోల్లో, సుమోల్లో చివర ఎదురెదురు బెంచీలు ఉంటాయి. పిల్లల్ని కూర్చోబెట్టేది అక్కడే, వెనక డోరుకు జానెడు దూరంలో.

కారు కొన్న మొదటి వారమే యాక్సెసరీస్ షాపుకు పోయి చేయించే పనులు రెండున్నాయి. బెల్ట్ పెట్టుకోకపోతే మోగే బీప్ ఆపడానికి బకిల్‌లో గుచ్చే ఇనుప ముక్క ఒకటి. ఇలాంటి క్లిప్పుల అమ్మకం ఆపాలని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023లో ఐదు ఆన్‌లైన్ కంపెనీలను ఆదేశించింది, వేలల్లో ఉన్న ప్రకటనలు తీసేశారు. రెండోది సీటు కవరు. సైడ్ ఎయిర్‌బ్యాగులున్న కారులో అవి ముందు సీటు వీపు భాగంలో, డోరు వైపు అంచులో ఉంటాయి, అక్కడ చిన్న ట్యాగ్ కూడా కుట్టి ఉంటుంది. దాని మీదుగా మందపు రెగ్జిన్ బిగించి కుట్టేస్తే, డబ్బు పోసి కొన్న ఎయిర్‌బ్యాగ్ సరైన వేళకు తెరుచుకోవడం కష్టం.

ఇదంతా కారు లోపలివాళ్ల లెక్క. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయిన 1,68,491 మందిలో టూ వీలర్ల మీద పోతున్నవాళ్లు 44.5 శాతం, నడిచి పోతున్నవాళ్లు 19.5 శాతం. కార్లు, ట్యాక్సీలు, వ్యాన్ల లాంటి తేలిక బండ్లలో ఉన్నవాళ్లు 12.5 శాతమే. పెద్ద బండి ఇచ్చే రక్షణలో కొంత భాగం ఎదుటివాళ్ల నుంచి గుంజుకున్నదే. తక్కువ ఎత్తు బానెట్ తగిలితే మనిషి కాళ్లకు దెబ్బ తగిలి బానెట్ మీదికి ఒరుగుతాడు. నిటారుగా, ఛాతీ ఎత్తున్న ముందు భాగం అయితే నేరుగా పొట్టకూ ఛాతీకీ తగిలి కిందికి తోసేస్తుంది. ముందు భాగం ఎత్తు మీటరు దాటిన బండ్లు, 75 సెంటీమీటర్ల లోపు వాలు బానెట్ ఉన్నవాటి కంటే పాదచారి ప్రాణం తీసే అవకాశం దాదాపు 45 శాతం ఎక్కువని ఐఐహెచ్ఎస్ 2023లో లెక్కగట్టింది. ఆ బానెట్ ముందు స్కూలు పిల్లవాడు నిలబడితే డ్రైవర్‌కు తల కూడా కనిపించకపోవచ్చు. 2017 డిసెంబర్‌లోనే కేంద్రం వద్దన్న ఇనుప బంపర్ గార్డులు ఇంకా బిగిస్తూనే ఉన్నారు. అవి ఎదుటివాణ్ని చీల్చడమే కాదు, ముందు భాగం నలగాల్సిన తీరునూ మార్చేస్తాయి.

ఎవరి అవసరం వాళ్లది. రోజూ ఆరేడుగురితో గ్రామీణ రోడ్ల మీద తిరిగేవాళ్లకు పెద్ద బండి తప్పదు. అలాంటివాళ్లు ఈఎస్‌సీ ఉన్నదీ, ప్రతి సీటుకూ మూడు చోట్ల పట్టే బెల్ట్ ఉన్నదీ చూసుకోవాలి. నలుగురి కుటుంబం వారానికోసారి హైదరాబాద్ పోయి వస్తే, మంచి రేటింగ్ ఉన్న చిన్న సెడానో హ్యాచ్‌బ్యాకో 80 దాటకుండా, చీకటి పడకముందే నడుపుకోవడం చాలు. సెకండ్ హ్యాండే తప్పదనుకుంటే ఒక చిన్న పరీక్ష పైసా ఖర్చు లేనిది. తాళం తిప్పి, ఇంజన్ స్టార్ట్ చేయకముందు మీటరు మీద చూడాలి. ఎయిర్‌బ్యాగ్ గుర్తున్న ఎర్ర లైటు వెలిగి కొన్ని సెకన్లకు ఆరిపోవాలి. ఆరకుండా వెలుగుతూనే ఉంటే ఎక్కడో లోపం ఉంది. అసలు వెలగనే వెలగకపోతే, ఇదివరకే ప్రమాదంలో తెరుచుకున్న ఎయిర్‌బ్యాగ్‌ను మళ్లీ పెట్టించకుండా ఆ లైటు వైరు తీసేసి ఉండొచ్చు. తర్వాత ఒక్కో బెల్ట్ మొత్తం బయటికి లాగి చూడాలి. అంచులు పీచు లేచినా, జర్కు ఇస్తే పట్టుకోకపోయినా ఆ బండి ధర అడగకుండానే వచ్చేయొచ్చు.